క్వాలిస్‌లో నాలుగు థర్మోస్టాట్లు, ఏడేళ్లు

2017 మే నెలలో తిరుమల ఘాట్ ఎక్కుతుంటే సగం దారిలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకింది. బానెట్ ఎత్తి గంటసేపు రోడ్డు పక్కన కూర్చున్నాం. బండి 2004 క్వాలిస్, 2.4 లీటర్ల డీజిల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కిందికొచ్చి మెకానిక్‌కి చూపిస్తే, "మన ఎండలకి ఈ థర్మోస్టాట్ వాల్వు ఏంటికి సార్? తీసేస్తే నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి, ఇంజిన్ ఐసులా ఉంటుంది" అన్నాడు. సరే అన్నాను. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే ఆ వాల్వుని విప్పి నా చేతిలో పెట్టాడు. దాని మీద 82 అని గుద్ది ఉంది, అంటే 82 డిగ్రీలకి తెరుచుకుంటుందని. డ్యాష్‌బోర్డు అరలో పడేశాను.

ఆయన అబద్ధం చెప్పలేదు, ఇంజిన్ నిజంగానే ఐసులా ఉండింది. ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. రేణిగుంట దాకా వెళ్లినా ముల్లు అడుగునుంచి లేచేది కాదు. చలికాలం పొద్దున్నే భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె వెళ్తే చాలాసేపు తెల్లపొగ, టకటక చప్పుడు. లీటరుకి 12 ఇచ్చే బండి పదిన్నరకి దిగింది. ఆయిల్ స్టిక్ తీసి చూస్తే డీజిల్ వాసన. తిరుమల దిగేటప్పుడు మరీ అన్యాయం. 40 నిమిషాల లోపు అలిపిరి చేరితే జరిమానా కాబట్టి అందరం సెకండ్ గేర్‌లో, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా దిగుతాం. ఆ సమయంలో ఇంజిన్‌లోకి డీజిల్ దాదాపు పోదు. ఇక వేడి ఎక్కడినుంచి వస్తుంది? కిందికొచ్చేసరికి ముల్లు పడుకునేది.

ఇంత చేసినా మరుసటి మే నెలలో, లోపల వాల్వు లేకుండానే, ఘాట్‌లో ముల్లు మళ్లీ పైకి పోయింది. అప్పుడు వేరే షాపులో రేడియేటర్ విప్పించాను. బోరు నీళ్లు పోసిపోసి గొట్టాలు సగం మూసుకుపోయి ఉన్నాయి. ఫ్యాన్‌ని ఇంజిన్‌తో పాటు తిప్పే క్లచ్ కూడా జారుతోంది. పాపం వాల్వు మీద వేశాం నింద. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ అడుగున ఇంకో చిన్న మూత ఉంటుందనీ, వాల్వు తెరుచుకోగానే అది పక్కదారిని మూస్తుందనీ ఆ షాపాయనే చెప్పాడు. అలాంటి బండిలో వాల్వు తీసేస్తే నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. చల్లబడాలని తీస్తే ఎక్కువ కాగుతుందన్నమాట.

రేడియేటర్ బాగు చేయించాక కూడా భయం పోక 76 డిగ్రీల థర్మోస్టాట్ వేయించాను. ముందే తెరుచుకుంటే మంచిదే కదా అని. దాంతోపాటు అలారం ఉన్న డిజిటల్ మీటర్ కూడా పెట్టించాను, ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. 76తో చదును రోడ్డు మీద 78 నుంచి 80 చూపించేది. మే నెల ఎండలో ఏసీ వేసి తిరుమల ఎక్కితే 96. తర్వాత 82తో ఇంకో మే నెలలో అదే దారిలో చూశాను. చదునులో 84, 85. ఘాట్‌లో 96, 97. ఆరు డిగ్రీల తేడా ఎత్తు ఎక్కేసరికి మాయం. ఎందుకంటే అంత వేడిలో రెండూ పూర్తిగా తెరుచుకునే ఉంటాయి. ఇంజిన్ ఎంతకంటే చల్లబడకూడదో చూసుకునేది థర్మోస్టాట్. ఎంతకంటే వేడెక్కకూడదో చూసుకునేది రేడియేటరు, ఫ్యాను. ఈ చిన్న విషయం అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. 76 తీసి 82 వేశాక మైలేజీ మళ్లీ 12కి వచ్చింది. 88వి కూడా దొరుకుతాయి, నేను వాడలేదు.

మొదట కొన్న 82 మాత్రం ఊరూపేరూ లేని 250 రూపాయల సరుకు. పద్నాలుగు నెలలకి మొగిలి ఘాట్‌లో మూసుకుపోయింది. మీటర్ అరిచింది కాబట్టి బతికాను. ఈ ఇంజిన్‌కి వేడెక్కితే హెడ్, అంటే పైభాగం, పగులుతుందన్న పేరు ఎప్పటినుంచో ఉంది. బానెట్ ఎత్తి గుడ్డ చుట్టుకుని చూస్తే ఇంజిన్ మసిలిపోతోంది, రేడియేటర్ పై గొట్టం మాత్రం గోరువెచ్చగా ఉంది. ఇది గుర్తు పెట్టుకోండి: ఇంజిన్ కాగుతున్నా పై గొట్టం కాగకపోతే చాలావరకు వాల్వు తెరుచుకోనట్టే. ఆ వేడిలో రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు.

అప్పటినుంచి పరీక్షించకుండా ఏదీ బిగించనివ్వడం లేదు. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించడమే. ఇత్తడి డబ్బాలోని మైనం ఉబ్బి కడ్డీని తోస్తుంది, మూత మెల్లగా లేస్తుంది. ఇప్పుడున్న నాలుగోది, 1,100 పెట్టి డీలర్ దగ్గర కొన్నది, 82కి కదిలి 95కి 8 మిల్లీమీటర్లు తెరుచుకుంది. అదే ఊపులో డ్యాష్‌బోర్డు అరలోని పాతదాన్ని కూడా వేశాను. అదీ 82కే తెరుచుకుంది! నా భార్య మాత్రం ఆ గిన్నెని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

నాలుగోది వేసి నాలుగేళ్లు కావస్తోంది, ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఒక్క ఫిర్యాదు, ప్యాకెట్‌లో నీళ్లు కారకుండా వేసే గ్యాస్కెట్ రాలేదు, విడిగా కొనాలి. బిగించేటప్పుడు అంచున వేలాడే చిన్న పిన్ను పైవైపుకి ఉండాలి, గాలి అందులోంచే పోతుంది. 76 వేసినప్పుడు మా మెకానిక్ దాన్ని కిందికి పెట్టాడు. గాలి పట్టేసి వారం రోజులు ముల్లు ఎగిరెగిరి పడింది. థర్మోస్టాట్ కూర్చునే హౌసింగ్ బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. నాది ఒకటి లోపలే విరిగి, దాన్ని తీయడానికి లేత్ షాపులో వాల్వు ఖరీదుకంటే ఎక్కువైంది.