సైకిల్‌లో దాచే ట్రాకర్లు: ఏది కొనాలి, ఎక్కడ దాచాలి, సైకిల్ పోతే ఏం చేయాలి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పీజీ హాస్టల్ మెట్ల కింద, మెట్రో స్టేషన్ బయట పెట్టిన సైకిళ్లే ఎక్కువగా పోతుంటాయి. బండికి ఉన్నట్టు సైకిల్‌కు నంబర్ ప్లేట్ ఉండదు, ఆర్‌సీ ఉండదు. ఒకసారి గేటు దాటిందంటే అది ఎవరిదో చెప్పే ఆనవాలు పెడల్స్ దగ్గర ఫ్రేమ్ అడుగున కొట్టిన నంబరొక్కటే. అందుకే చిన్న ట్రాకర్ దాచుకోవడం మంచి పనే. కాకపోతే ట్యాగ్ కొనేసి సీటు కింద అంటించేస్తే పని అయిపోయినట్టు కాదు. ఏ ట్యాగ్ కొన్నారు, ఏ లోహం పక్కన పెట్టారు, పోయిన మొదటి కొన్ని గంటల్లో ఏం చేశారు అనే మూడింటి మీదే సైకిల్ దొరకడం ఆధారపడి ఉంటుంది.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. ఆపిల్ అమ్మే ఎయిర్‌ట్యాగ్‌లో గానీ, జియో అమ్మే జియోట్యాగ్‌లో గానీ జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. బ్లూటూత్‌లో చిన్న సంకేతం పంపుతూ ఉంటుంది, అంతే. దారిన పోయేవాళ్ల ఫోన్ దాన్ని పట్టుకుని, తాను ఉన్న చోటును గుట్టుగా సర్వర్‌కు చేరవేస్తుంది. అంటే మ్యాప్‌లో మీకు కనిపించే చుక్క నిజానికి ఆ ఫోన్ ఉన్న చోటు. పది ఇరవై మీటర్ల తేడా మామూలే. ఎన్నో అంతస్తో అసలే చెప్పదు. చుక్క పక్కన ఉండే సమయం చాలా ముఖ్యం: 'ఇప్పుడే' అని ఉందా, 'మూడు గంటల క్రితం' అని ఉందా చూసుకోవాలి. మూడు గంటల కిందటి చుక్కను పట్టుకుని వీధులు గాలిస్తే ప్రయోజనం ఉండదు.

కాబట్టి ఏ ట్యాగ్ కొనాలన్నది మీ వీధిలో ఎవరి చేతిలో ఏ ఫోన్ ఉందనే దాన్ని బట్టి తేలుతుంది. గచ్చిబౌలి, కొండాపూర్, హైటెక్ సిటీ వైపు, ఔటర్ పక్కన సోలార్ పైకప్పుతో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద ఐఫోన్లకు కొదవ లేదు. ఎయిర్‌ట్యాగ్ సంకేతాన్ని చేరవేసేది ఆపిల్ ఫోన్లే కాబట్టి అక్కడ దానికి సాటి లేదు. అదే సైకిల్ నంద్యాలకో నరసరావుపేటకో చేరితే చుట్టూ ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లే, ఎయిర్‌ట్యాగ్ గంటల తరబడి మూగబోతుంది.

ఎయిర్‌ట్యాగ్ 2021లో వచ్చింది. అప్పటి ధర ఒకటి 3,190, నాలుగింటి ప్యాక్ 10,900 రూపాయలు. తర్వాత కొంచెం పెరిగింది. 31.9 మిల్లీమీటర్ల బిళ్ల, 8 మిల్లీమీటర్ల మందం, 11 గ్రాములు. దుమ్ము, నీళ్లు దూరని ఐపీ67 రకం కాబట్టి వానకు భయం లేదు, ప్రెషర్ వాటర్‌తో కడిగేటప్పుడు మాత్రం నేరుగా కొట్టకండి. సీఆర్2032 బ్యాటరీ సుమారు ఏడాది వస్తుంది. ఇక్కడొక చిక్కుంది: పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన బ్యాటరీలు కొన్ని ఎయిర్‌ట్యాగ్‌లో పనిచేయవు. ఆ పూత కాంటాక్ట్‌కు అడ్డుపడుతుంది. కొత్త బ్యాటరీ వేసినా ట్యాగ్ బతకలేదంటే ముందు దాన్నే అనుమానించండి. ఎయిర్‌ట్యాగ్‌ను సెట్ చేయాలంటే మీ దగ్గర ఐఫోనో ఐప్యాడో తప్పనిసరి.

ఎయిర్‌ట్యాగ్ ధర పెట్టలేని ఐఫోన్ వాళ్లకు జియోట్యాగ్ ఎయిర్ ఉంది. 2024 జూలైలో 1,499 రూపాయలకు వచ్చింది, ఆపిల్ నెట్‌వర్క్‌నే వాడుకుంటుంది. మ్యాప్‌లో కనిపించడంలో పెద్ద తేడా ఉండదు. దగ్గరికి వెళ్లాక 'ఇటు ఆరు మీటర్లు' అని బాణం చూపించే సౌకర్యం మాత్రం ఎయిర్‌ట్యాగ్‌కే ఉంది, అదీ దానికి కావాల్సిన చిప్ ఉన్న ఐఫోన్ 11, ఆ పై మోడళ్లలో. వంద సైకిళ్లున్న సెల్లార్‌లో వెతకాల్సి వచ్చినప్పుడు ఆ బాణం విలువ తెలుస్తుంది.

ఆండ్రాయిడ్ వాళ్లకు జియోట్యాగ్ గో, ఇదీ 1,499 రూపాయలకే 2024 డిసెంబర్‌లో వచ్చింది. గూగుల్ నెట్‌వర్క్ మీద నడుస్తుంది. ఆ యాప్ పేరు ఇప్పుడు ఫైండ్ హబ్. మన ఊళ్లలో ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువ కదా, ఇదే మేలనిపిస్తుంది. కానీ గూగుల్ గోప్యత కోసం ఒక కట్టుబాటు పెట్టింది. మొదటి నుంచీ ఉండే సెట్టింగ్ 'రద్దీ ప్రాంతాల్లో మాత్రమే'. అంటే పలు ఫోన్లు చూస్తే గానీ చోటు బయటికి రాదు. సాయంత్రం బజారులో బాగా పనిచేసే ట్యాగ్ ఊరి చివర గోడౌన్‌లో కనపడకుండా పోయేది అందుకే. ఫైండ్ హబ్ సెట్టింగుల్లో దీన్ని 'అన్ని ప్రాంతాల్లో' అని మార్చుకోవచ్చు. మీ ఒక్కరి ఫోన్‌లో మారిస్తే చాలదు, ఇంట్లోవాళ్లవి, వాచ్‌మన్‌ది, తోటి సైకిల్ మిత్రులవి కూడా మార్చండి. కాలనీలో నలుగురు మార్చినా తేడా తెలుస్తుంది. శాంసంగ్ స్మార్ట్‌ట్యాగ్2 (విడుదల ధర 2,799) బ్యాటరీ విషయంలో పై ట్యాగులన్నిటికన్నా ముందుంది, మామూలుగా 500 రోజులని కంపెనీ చెబుతుంది. అయితే గెలాక్సీ ఫోన్లు మాత్రమే దాన్ని గుర్తిస్తాయి కాబట్టి సైకిల్‌కు మా ఓటు దానికి పడదు.

ఇక దాచడం. ఎక్కువమంది డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఫ్రేమ్ గొట్టంలో, సీటును నిలబెట్టే గొట్టం (సీట్ పోస్ట్) లోపల పెడితే ఎవరికీ కనపడదు కదా అనుకుంటారు. ఉక్కు గొట్టం, అల్యూమినియం గొట్టం రేడియో సంకేతాన్ని మింగేస్తాయి. కార్బన్ ఫ్రేమ్ అయినా అంతే, కార్బన్ ఫైబర్ కూడా కరెంటును ప్రవహింపజేసేదే. పైగా మామూలు 27.2 మిల్లీమీటర్ల సీట్ పోస్ట్‌లో 32 మిల్లీమీటర్ల బిళ్ల అసలు పట్టదు. ట్యాగ్‌కు కనీసం ఒక వైపు ప్లాస్టిక్, రబ్బరు, ఫోమ్ ఉండాలి.

గేర్ సైకిళ్లకు అన్నిటికన్నా మంచి చోటు వాటర్ బాటిల్ కేజ్ కింద. దీనికోసమే పల్చటి ప్లాస్టిక్ హోల్డర్లు దొరుకుతాయి. కేజ్ బోల్టుల మధ్య దూరం అన్ని సైకిళ్లకూ దాదాపు 64 మిల్లీమీటర్లే కాబట్టి ఏ ఫ్రేమ్‌కైనా సరిపోతాయి. 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో రెండు ఎం5 బోల్టులు విప్పండి. ట్యాగ్‌ను హోల్డర్‌లో పెట్టేటప్పుడు మెరిసే ఉక్కు మూత ఫ్రేమ్ వైపు, తెల్ల ప్లాస్టిక్ బయటి వైపు ఉండాలి. యాంటెనా తెల్ల వైపే ఉంటుంది, తిరగేసి పెడితే దూరం బాగా తగ్గిపోతుంది. హోల్డర్ మందం వల్ల పాత బోల్టులు పొట్టివైపోతాయి. రెండు మూడు మరలు మాత్రమే పట్టించి సరిపెట్టకండి, గతుకుల రోడ్డు మీద ఊడిపోతాయి. హోల్డర్ ఎంత మందమో అంత పొడవు పెంచిన బోల్టులు వేయండి. బిగింపు 2 నుంచి 3 న్యూటన్ మీటర్లు చాలు. బలం చూపిస్తే ఫ్రేమ్‌లో బోల్టును పట్టి ఉంచే రివెట్ నట్ తిరగడం మొదలుపెడుతుంది, అది మరమ్మతు చేయించడం ట్యాగ్ ధర కన్నా తలనొప్పి. వీలుంటే మధ్యలో పిన్ ఉండే టార్క్స్ బోల్టులు వేయండి. మామూలు అలెన్ కీ జేబులో వేసుకుని తిరిగే దొంగకు అవి లొంగవు. చివరగా కేజ్ బిగించి, అందులో బాటిల్ పెట్టేస్తే చూసేవాళ్లకు అక్కడేమీ లేనట్టే ఉంటుంది.

రెండో చోటు సీటు అడుగున, ఫోమ్‌కూ కమ్మీలకూ మధ్య సందు. ఆ కమ్మీలు సన్నం కాబట్టి సంకేతానికి పెద్దగా అడ్డురావు. 3 మిల్లీమీటర్ల ఫోమ్ ముక్కలో ట్యాగ్ పెట్టి, తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపుతో చుట్టండి. ఎండలో మామూలు డబుల్ సైడ్ టేపు జిగురు మెత్తబడి జారిపోతుంది. ట్యాగ్ 60 డిగ్రీల వరకు తట్టుకుంటుంది గానీ, రాయలసీమ ఎండలో మధ్యాహ్నమంతా నిలబెట్టిన సైకిల్ నల్ల సీటు గురించి ఆలోచించాల్సిందే, నీడ చూసి పెట్టండి. లీవర్ తిప్పితే ఊడివచ్చే సీటైతే ముందు ఆ లీవర్ తీసి బోల్టు క్లాంప్ వేయించుకోండి. లేదంటే దొంగ సీటొక్కటే పీకి పారేస్తాడు, దాంతోపాటే ట్యాగూ పోతుంది.

హీరో, హెర్క్యులిస్ లాంటి నల్ల సైకిళ్లకు బాటిల్ కేజ్ ఉండదు, ఉన్నదంతా ఉక్కే. బెల్లు డిప్పలో, చైన్ కవర్‌లో పెడితే ఫలితం ఉండదు. వెనక ప్లాస్టిక్ రిఫ్లెక్టర్ వెనకాల గానీ, మడ్‌గార్డ్ చివర వేలాడే రబ్బరు ఫ్లాప్ లోపలి వైపు గానీ పెట్టండి. పిల్లల సైకిల్‌కు ప్లాస్టిక్ బుట్ట అడుగు బాగుంటుంది.

ఎక్కడ పెట్టినా ఒక పరీక్ష చేయాలి. దాచకముందు ఫోన్ చేత్తో పట్టుకుని ట్యాగ్ నుంచి ఎంత దూరం వెళ్తే కనెక్షన్ తెగుతుందో అడుగులు లెక్కపెట్టుకోండి. దాచాక మళ్లీ అలాగే చేయండి. దూరం సగానికి పైగా పడిపోతే చోటు మార్చండి. డబ్బుంటే రెండు ట్యాగులు వేయడం ఉత్తమం: కాస్త వెతికితే దొరికేలా ఒకటి, లోతుగా ఇంకొకటి. దొంగ మొదటిది పీకి పారేసి, పని అయిపోయిందనుకుని ఊరుకుంటాడు. ఆ రెండు ట్యాగులూ వేరువేరు నెట్‌వర్క్‌లవైతే ఇంకా మంచిది.

ఈ ట్యాగులన్నిటిలో ఒక బలహీనత ఉంది, కొనేముందే తెలుసుకోవాలి. మనుషుల వెంట దొంగచాటుగా ట్యాగ్ వేసి వేధించేవాళ్లు తయారయ్యారు కాబట్టి కంపెనీలు హెచ్చరికలు పెట్టాయి. తనది కాని ట్యాగ్ తన వెంటే కదులుతుంటే ఐఫోన్‌కు కబురు వస్తుంది. ఆండ్రాయిడ్‌లోనూ అంతే. పైగా యజమానికి దూరమైన ఎయిర్‌ట్యాగ్ 8 నుంచి 24 గంటల మధ్య ఎప్పుడో, కదిలినప్పుడు మోగడం మొదలుపెడుతుంది. అందుకే పోయిన తొలి గంటలే మీవి. స్పీకర్ పీకేసి అమ్మే ట్యాగులు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. విప్పిన ట్యాగ్‌లో నీళ్లు దూరతాయన్నది ఒక కారణమైతే, ఆ మోత ఎంతోమంది ఆడపిల్లలకు రక్షణ అన్నది అంతకన్నా పెద్ద కారణం. మన సైకిల్ కోసం ఆ సరుకుకు గిరాకీ పెంచకూడదు.

ఈ హెచ్చరికల బెడద లేనిది సిమ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్. దొంగ ఫోన్‌కు ఏ కబురూ వెళ్లదు, నిమిషం నిమిషం కదలిక కనిపిస్తుంది. కానీ మామూలు సైకిల్‌లో దానికి కరెంటు ఎక్కడిది? కొద్దిరోజులకోసారి తీసి చార్జ్ చేయాలి, రీచార్జ్ మర్చిపోతే మూగబోతుంది, సెల్లార్‌లో ఆకాశం కనపడదు కాబట్టి టవర్ ఆధారంగా వందల మీటర్ల తేడాతో చూపిస్తుంది. చవకగా దొరికే వాటిలో చాలా 2జీ మీదే నడుస్తాయి. జియోకు 2జీ లేదు, ఆ సిమ్ వేస్తే పనిచేయదు. ఎలక్ట్రిక్ సైకిల్ ఉన్నవాళ్లకు మాత్రం ఇదే సరైనది. కంట్రోలర్ ఉండే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి ప్రధాన బ్యాటరీ నుంచి వైరు తీసుకోవచ్చు. ట్రాకర్ మీద రాసిన వోల్టేజ్ పరిధిలో మీ బ్యాటరీ వోల్టేజ్ ఉందో లేదో చూసి, ఫ్యూజ్ వేసి కలపండి.

సైకిల్ పోయిందని తెలియగానే చాలామంది యాప్‌లో సౌండ్ బటన్ నొక్కుతారు. అది చేయకండి, దొంగ పక్కనే ఉంటే ట్యాగ్ ఎక్కడుందో మీరే చూపించినట్టవుతుంది. వస్తువు పోయిందని యాప్‌లో గుర్తుపెట్టే లాస్ట్ మోడ్‌లో ఫోన్ నంబర్ పెట్టే తొందర కూడా వద్దు, బేరానికి ఫోన్ వస్తుంది. 'కనపడితే తెలియజేయి' అనే నోటిఫికేషన్ ఆన్ చేస్తే చాలు. చుక్క కదిలిన ప్రతిసారీ సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. 112కు ఫోన్ చేసి, లొకేషన్ ఇంకా వస్తోందని మొదటి మాటలోనే చెప్పండి. ఐఫోన్‌లో ఐఓఎస్ 18.2 నుంచి ట్యాగ్ లొకేషన్‌ను లింకుగా పంపే వీలుంది. అది ఏడు రోజులు పనిచేస్తుంది, ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. స్టేషన్‌లో ఎస్సైకి ఆ లింకు పంపితే మీరు పక్కనే కూర్చోనక్కర్లేదు. చుక్క చూపించిన ఇంటికి ఒంటరిగా మాత్రం వెళ్లకండి. ఐదంతస్తుల భవనంలో ఎవరి తలుపు కొట్టాలో మీకు తెలియదు, నేరం చేయనివాళ్ల మీద నింద వేసే ప్రమాదమూ ఉంది. పోలీసులతో వెళ్లి, బాణం చూపించే సౌకర్యం అక్కడ వాడండి.

కేసు విషయంలో ఒక మెలిక. భారతీయ న్యాయ సంహిత 303(2) కింద దొంగతనం కేసే గానీ, సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే అది నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. అందుకే బిల్లు ముఖ్యం. పాత సైకిల్ అయితే అలాంటి మోడల్ ఇప్పుడు ఎంతకు అమ్ముడవుతోందో చూపే ప్రకటనలు దాచుకోండి. బిల్లు, ఫ్రేమ్ నంబర్ దగ్గరి ఫొటో, సైకిల్ పక్క నుంచి తీసిన ఫొటో, ట్యాగ్ సీరియల్ నంబర్, ఈ నాలుగూ ఇవాళే ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. సైకిల్ వేరే స్టేషన్ పరిధిలోకి వెళ్లిపోయినా జీరో ఎఫ్ఐఆర్ ఎక్కడైనా రాయించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి.

దొరికిన సైకిల్ అదే రోజు చేతికి రాకపోవచ్చు. పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకుని కోర్టుకు తెలుపుతారు. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 503 కింద, కేసు తేలేదాకా సైకిల్ మన దగ్గర ఉంచుకునేందుకు మధ్యంతర కస్టడీ పిటిషన్ వేసి తెచ్చుకోవాలి. అక్కడా అడిగేది అదే బిల్లు, అదే ఫ్రేమ్ నంబర్.