ఫిక్స్‌డ్ గేర్ చక్రం పేరుతో ఫ్రీవీల్ హబ్ అంటగడుతున్నారు, జాగ్రత్త

పాత రోడ్ బైకులను ఫిక్స్‌డ్ గేర్‌గా (వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరిగే, కాళ్ళతోనే వేగం తగ్గించుకునే సైకిలుగా) మార్చుకునేవారి కోసం వెనక చక్రాలు సిద్ధం చేసి అమ్మే ఆ పెద్దమనిషి ఎవరో, ఈ సరదా ఉన్న మీలో చాలామందికి పేరు చెప్పకుండానే తెలుస్తుంది. ఆయన దగ్గర చక్రం కొనాలనుకుంటున్నవారు డబ్బు పంపే ముందు ఇది చదవండి. నా డబ్బు ఎటూ పోయింది. మూతి పళ్ళు మాత్రం మిగిలాయి, అదీ ముందు బ్రేకు పుణ్యమా అని.

నాది పాత ఉక్కు ఫ్రేము. డ్రాపౌట్లు, అంటే వెనక ఇరుసు కూర్చునే గాడులు, అడ్డంగా ఉన్నాయి కాబట్టి చక్రాన్ని వెనక్కి జరిపి చెయిన్ బిగించుకునే వీలుంది. ఆ గాడుల మధ్య వెడల్పు 126 మిల్లీమీటర్లు, మామూలు ట్రాక్ హబ్ (ఫిక్స్‌డ్ గేర్ కోసం చేసిన, చక్రం మధ్యలో ఉండే భాగం) వెడల్పు 120. ఆ తేడాకు సరిపడా ఇరుసుకు వాషర్లు వేసి పంపమన్నాను, పంపారు. ప్రకటనలో 'ట్రాక్ హబ్, 16 పళ్ళ ఫిక్స్‌డ్ స్ప్రాకెట్, లాక్‌రింగుతో సహా' అని ఉంది. స్ప్రాకెట్ అంటే చెయిన్ పట్టే పళ్ళ చక్రం, లాక్‌రింగు అంటే అది విప్పుకోకుండా పైన బిగించే రింగు. అన్నీ బిగించే వచ్చాయి. చూడముచ్చటగా ఉంది, చెప్పొద్దూ.

వాలు దిగుతూ వేగం తగ్గించడానికి పెడళ్ళను వెనక్కి అదిమిపట్టిన క్షణంలో వెనక నుంచి 'టక్' మని ఒక్క చప్పుడు వచ్చింది, అంతవరకు కాళ్ళకు ఎదురు నిలిచిన బరువు ఒక్కసారిగా మాయమైంది, పెడళ్ళు వెనక్కి గిర్రున తిరిగిపోయాయి. ముందు బ్రేకు తీసేస్తేనే సైకిలు అందంగా ఉంటుందని సలహా ఇచ్చిన మిత్రుల మాట వినకపోవడం ఆ రోజు నేను చేసిన ఏకైక తెలివైన పని.

ఇంటికి వచ్చి చక్రం విప్పితే స్ప్రాకెట్ వేళ్ళతోనే ఊడి వచ్చింది, పనిముట్టు అవసరమే రాలేదు. కింద ఉన్నది ట్రాక్ హబ్ కానే కాదు. అసలైన ట్రాక్ హబ్ మీద రెండు మెట్లుగా మరలుంటాయి. లోపలి మెట్టు స్ప్రాకెట్‌కు, అది కుడి మర, అంటే కుడివైపుకు తిప్పితే బిగుసుకునేది. బయట దానికన్నా కాస్త సన్నగా ఉండే మెట్టు లాక్‌రింగుకు, అది ఎడమ మర, ఎడమవైపుకు తిప్పితే బిగుసుకునేది. పెడళ్ళను వెనక్కి నొక్కినప్పుడు స్ప్రాకెట్ విప్పుకోబోతే, ఆ విప్పుకునే దిశే లాక్‌రింగును ఇంకా బిగిస్తుంది. నాకు వచ్చిన హబ్ మీద అంచు నుంచి లోపలిదాకా ఒకే మందం, ఒకే కుడి మర, అంటే పాత ఫ్రీవీల్ హబ్, పెడళ్ళు ఆపినా చక్రం తిరిగే మామూలు సైకిళ్ళది. లాక్‌రింగు పేరుతో దాని మీద కూర్చోబెట్టింది బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే భాగం) కప్పుకు బిగించే రింగు. మర ఇంచుమించు ఒకే కొలత కాబట్టి ఎక్కుతుంది, కానీ అదీ కుడి మరే, కాబట్టి స్ప్రాకెట్ కదిలితే దానితోపాటు తానూ విప్పుకుని బయటికి నడుస్తుంది. మరల సందుల్లో నీలం రంగు జిగురు ఎండి, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. నన్ను మోస్తున్నది ఆ జిగురే.

ఇంతవరకైనా పొరపాటేమో అనుకుని సరిపెట్టుకునేవాణ్ని. ఫొటోలు పంపి, మర్యాదగా, చక్రం వెనక్కి తీసుకోమని అడిగాను. ఆయన సమాధానం: "అంత జిగురు పెట్టి పంపాం కదండీ, ఎలా ఊడుతుంది?" ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. అంటే తెలుసు. హబ్ ఏమిటో తెలుసు, వెనక్కి నొక్కితే ఊడుతుందనీ తెలుసు, తెలిసే జిగురు పూసి, పైన రింగు తొడిగి, ట్రాక్ హబ్ అని పేరు పెట్టి అమ్మారు. ఆ మాటే అడిగితే, మేము దాన్ని సింగిల్ స్పీడ్ (ఫ్రీవీల్ ఉన్న ఒకే గేరు సైకిలు) కోసమే అమ్మాం, ఫిక్స్‌డ్‌గా తొక్కమని మీకెవరు చెప్పారు అన్నారు. ఫిక్స్‌డ్ స్ప్రాకెట్ బిగించిన చక్రాన్ని మరెలా తొక్కాలో ఆ మహానుభావుడే సెలవివ్వాలి. ప్రకటన తెరిచి చూద్దును కదా, అందులో 'ట్రాక్' అన్న మాట అప్పటికే ఎగిరిపోయింది. చివరగా ఒక హితవు కూడా పలికారు: "కాళ్ళతో ఆపడం చేతకానివారు మామూలు సైకిలు కొనుక్కోవాలండీ." ఆ 'అండీ' అన్నందుకు కృతజ్ఞతలు.

ఆ తరువాత ఆయన నుంచి జవాబు లేదు. డబ్బు రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. చక్రానికి ఒంటి ఫ్రీవీల్ తగిలించాను. వెనక్కి తొక్కినా ఫ్రీవీల్ ఊరికే తిరుగుతుంది తప్ప హబ్ మరను విప్పదు కాబట్టి, సింగిల్ స్పీడ్‌గా ఆ హబ్‌తో ఏ ఇబ్బందీ లేదు.

కొనేవారు స్ప్రాకెట్ తీసేసిన ఖాళీ హబ్ ఫొటో అడగండి, రెండు మెట్ల మరలు కనబడకపోతే వదిలేయండి. బిగించి వచ్చిన చక్రమైతే లాక్‌రింగు ఏ దిశలో ఊడుతుందో చూడండి; స్ప్రాకెట్ ఊడే దిశలోనే అదీ ఊడుతుంటే ఆ చక్రం మీద ఫిక్స్‌డ్ తొక్కవద్దు. ముందు బ్రేకు మాత్రం ఎవరు ఏమన్నా తీయకండి.