ట్రియర్ బంగారానికి ఒక్క పూట చాలదు

రోమన్ బంగారు నాణేలు చూడాలనుకునేవాళ్లకు లండన్, రోమ్ కన్నా ముందు జర్మనీలోని ట్రియర్ పేరే చెబుతాను. 1993లో అక్కడ భూగర్భ పార్కింగ్ కోసం తవ్వుతుంటే ఒక నిధి బయటపడింది. 2,500కు పైగా నాణేలు, దాదాపు 18.5 కిలోల బంగారం! 2019 వేసవిలో రైనిషెస్ లాండెస్‌మ్యూజియంలో దాన్ని చూశాం.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కోబ్లెంజ్ మీదుగా రైలెక్కితే మోసెల్ నది, ద్రాక్షతోటలు చూస్తూ వెళ్లొచ్చు. పోర్టా నిగ్రా అనే రోమన్ కాలపు నగర ద్వారం దగ్గర చిన్న హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది కానీ లిఫ్ట్ లేదు, రాత్రయితే రిసెప్షన్‌లో ఎవరూ ఉండరు. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఈ రెండూ ముందే అడగండి. మ్యూజియానికి నడిచే వెళ్లొచ్చు.

ఆరియస్ అనే ఈ రోమన్ బంగారు నాణెం ఏడు గ్రాముల పైచిలుకు ఉంటుంది. చక్రవర్తుల్లో నీరో లావాటి మెడ, వెస్పాసియన్ ముడతలు, హాడ్రియన్ గడ్డం... అంత చిన్న బిళ్ల మీద మనిషిని గుర్తుపట్టేలా చెక్కారు. రాజధాని ముఖమే ఎరగని సైనికుడికి చక్రవర్తి ఎలా ఉంటాడో తెలిసింది చేతిలో పడిన జీతంతోనే. వెనకవైపు రాజు చెప్పదలచుకున్న మాట ఉంటుంది. నీరో తన నాణెం మీద జానస్ దేవుడి గుడి మూసిన తలుపుల బొమ్మ ముద్రింపించాడు, అంటే యుద్ధాలు లేవని చాటింపు. ఆంటోనినస్ పయస్ అనే చక్రవర్తి చనిపోయిన తన భార్య ఫౌస్టీనాను దేవతగా ముద్రించాడు. ఆ పేరు చదవగానే నాకు నెల్లూరు గుర్తొచ్చింది. 1786లో అక్కడ పొలం దున్నుతుంటే దొరికిన కుండలో ట్రాజన్, హాడ్రియన్‌లతో పాటు ఫౌస్టీనా నాణేలూ ఉన్నాయి మరి.

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం, బడ్జెట్ తక్కువైతే అదే మేలు. పుదుక్కోటై దగ్గర దొరికిన నాణేలు కూడా ఆ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు కనిపిస్తుంది. రోమ్‌లో అయితే టెర్మిని స్టేషన్ పక్కనే ఉన్న పలాజో మాసిమో చూడండి. నాణెం మీది ముఖాలే అక్కడ పాలరాతిలో కనిపిస్తాయి.

మేం వచ్చేసిన కొన్నాళ్లకే, ఆ అక్టోబర్‌లో, ట్రియర్ నిధి మీద దొంగలు పడ్డారు. అద్దాల పెట్టె లొంగక ఉత్త చేతులతో పారిపోయారట. అందుకని టికెట్లు, హోటల్ బుక్ చేసుకునే ముందే నాణేల గది తెరిచి ఉందో లేదో మ్యూజియానికి రాసి కనుక్కోండి. సోమవారం మాత్రం పెట్టుకోకండి, సెలవు.