గ్యాస్ట్రిన్ రక్తపరీక్షా, సెక్రెటిన్ పరీక్షా: ఏది మేలు?

"గ్యాస్ట్రిన్ ఎక్కువ వచ్చింది, ట్యూమర్ ఉన్నట్టేనా? సెక్రెటిన్ పరీక్షతో తేల్చేసుకోమంటారా?" గ్యాస్ట్రినోమా (కడుపులో ఆమ్లం ఊరించే గ్యాస్ట్రిన్ హార్మోన్‌ను అతిగా తయారుచేసే ట్యూమర్) అనుమానంతో టెన్షన్ పడేవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇదే. నా జవాబు మాత్రం ఈ రెండింటిలో దేంతోనూ మొదలవ్వదు. ముందు కడుపులో ఆమ్లం ఎంతుందో చూడాలంటాను.

పరగడుపున ఇచ్చిన రక్తంలో గ్యాస్ట్రిన్ మామూలుగా మిల్లీలీటరుకు 100 పికోగ్రాముల లోపే ఉంటుంది. అది పెరగడానికి ట్యూమరే అక్కర్లేదు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి, ఆమ్లం తగ్గించే మాత్రలు రోజూ వేసుకున్నా పెరుగుతుంది. కడుపు లోపలి పొర క్షీణించినా పెరుగుతుంది, ఒక్కోసారి 1000 కూడా దాటుతుంది. ఆమ్లం తగ్గితే శరీరం గ్యాస్ట్రిన్‌ను పెంచుతుంది, అంతే. గ్యాస్ట్రినోమాలో తీరు వేరు. కడుపు నిండా ఆమ్లం ఉన్నా గ్యాస్ట్రిన్ తగ్గదు. ఈ తేడా పట్టిచ్చేది pH, అంటే ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె; అది ఎంత తక్కువైతే ఆమ్లం అంత ఎక్కువ. ఎండోస్కోపీ చేసేటప్పుడు కడుపులోని ద్రవం కొంచెం తీసి, ఒక చుక్క pH కాగితం మీద వేస్తే రంగు మారుతుంది. అంత చిన్న పని! అయినా ఎన్నో రిపోర్టుల్లో ఆ అంకె కనిపించదు, అదే నా బాధ. గ్యాస్ట్రిన్ 1000 దాటి, pH 2 లేదా అంతకన్నా తక్కువుంటే రోగం దాదాపు ఖాయమైనట్టే. ఇక సెక్రెటిన్‌తో పని లేదు.

మరి సెక్రెటిన్ ఎప్పుడు? ఆమ్లం బాగానే ఉండి, గ్యాస్ట్రిన్ 100కీ 1000కీ మధ్య ఊగిసలాడుతున్నప్పుడు. చాలామంది రోగులు ఈ కోవలోనే ఉంటారు. సెక్రెటిన్ హార్మోన్‌ను నరంలోకి ఎక్కించి, కొన్ని నిమిషాలకోసారి రక్తం తీస్తారు. గ్యాస్ట్రిన్ 120 పికోగ్రాములు, ఆపైన పెరిగితే పాజిటివ్. మంచి పరీక్షే. కానీ ఆమ్లం లేని కడుపులో ఇదీ తప్పుడు పాజిటివ్ ఇవ్వగలదు. అంటే తిరిగి తిరిగి pH దగ్గరికే వచ్చాం.

ఒక్క జాగ్రత్త. పరీక్ష కోసమని ఆమ్లం తగ్గించే మాత్రలు సొంతంగా ఆపకండి. నిజంగా గ్యాస్ట్రినోమా ఉంటే పుండు నుంచి రక్తం పోవచ్చు, పేగుకు చిల్లు పడొచ్చు. ఆపాలా, ఎన్నాళ్లు, మధ్యలో ఫామోటిడిన్ (ఆమ్లం తగ్గించే మరో రకం మందు) వాడాలా అన్నది డాక్టరే దగ్గరుండి చూసుకోవాలి.

కాల్షియం ఎక్కించే పరీక్ష సెక్రెటిన్ దొరకనప్పుడో, దాంతో తేలకపోయినా అనుమానం గట్టిగా ఉన్నప్పుడో. ఇలాంటి ట్యూమర్లలో రక్తంలో పెరిగే క్రోమోగ్రానిన్ ఏ అనే ప్రోటీన్ ఆమ్లం తగ్గించే మాత్రలకే పెరుగుతుంది కాబట్టి దాన్నే నమ్ముకోలేం. డోటాటేట్ పెట్ స్కాన్, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ట్యూమర్ ఎక్కడుందో వెతకడానికి. వాటి వంతు రోగం తేలాకే.

హెచ్. పైలోరీ బ్యాక్టీరియా లేకుండా, నొప్పి మాత్రలు వాడకుండా పుండ్లు మళ్లీ మళ్లీ వస్తున్నా, ఆమ్లం తగ్గించే మాత్ర వేసుకోగానే విరేచనాలు ఆగిపోతున్నా ఈ అనుమానం రావాలి. అప్పుడు రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ కూడా చూపించండి. ఈ ట్యూమర్ కొందరిలో ఎమ్‌ఈఎన్-1 అనే వంశపారంపర్య జబ్బులో భాగంగా వస్తుంది. అలాంటప్పుడు తోబుట్టువులకూ, పిల్లలకూ పరీక్షలు అవసరమవుతాయి.