క్యూటీ వెబ్‌కిట్‌కు మళ్లీ ప్రాణం పోయడమా, వెబ్‌ఇంజిన్‌కు మారడమా: ఏది మేలు?

క్యూటీ 5 (సీ++లో సాఫ్ట్‌వేర్ రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్) మీద రాసిన పాత డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను ఇప్పటికీ చూసుకుంటున్న టీముల్లో మాదీ ఒకటి. అందులో బిల్లులు, రిపోర్టులు, హెల్ప్ పేజీలు అన్నీ హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంటాయి. వాటిని తెర మీద చూపించేది క్యూటీ వెబ్‌కిట్ అనే బ్రౌజర్ ఇంజిన్. దాన్ని ఉంచాలా, తీసేసి దాని స్థానంలో వచ్చిన వెబ్‌ఇంజిన్‌కు మారాలా అని రెండుసార్లు కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఇదే తలనొప్పితో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కథ కొంచెం తెలియాలి. వెబ్‌కిట్‌కు మూలం లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్ల ఇంజిన్ కేహెచ్‌టీఎంఎల్. అది క్యూటీ మీదే పుట్టింది. ఆపిల్ దాన్ని తీసుకుని వెబ్‌కిట్‌గా మలచి, 2003లో సఫారీ బ్రౌజర్ తెచ్చింది. 2008లో క్యూటీ 4.4తో వెబ్‌కిట్ మళ్లీ క్యూటీలోకి రావడం ఒకరకంగా పుట్టింటికి రావడమే. 2013 ఏప్రిల్‌లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి విడిపోయి, క్రోమ్‌కూ దానికి ఆధారమైన క్రోమియంకూ బ్లింక్ అనే సొంత ఇంజిన్ మొదలుపెట్టింది. అదే ఏడాది క్యూటీ వాళ్లు కూడా క్రోమియం వైపు వెళ్తామన్నారు. 2014 చివర్లో క్యూటీ 5.4తో, క్రోమియం మీద కట్టిన వెబ్‌ఇంజిన్ వచ్చింది, 2016లో 5.6 నాటికి వెబ్‌కిట్‌ను విడుదల నుంచి తీసేశారు.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఒక డెవలపర్ ఆ భారమంతా తన భుజాన వేసుకుని, 2016 నాటి వెబ్‌కిట్ కోడ్‌ను క్యూటీకి అతికించి 5.212 పేరుతో విడుదల చేయడం మొదలుపెట్టారు. 2020లో అది ఆల్ఫా 4 వరకు వచ్చింది. వందల మంది జీతాలు తీసుకుంటూ చేసే పనిని ఇలా ఒకరిద్దరు నిలబెట్టడం మామూలు విషయం కాదు. ఎన్నో లినక్స్ డిస్ట్రోలు (ఉబుంటు లాంటి లినక్స్ రకాలు) పాత 5.5 కోడ్‌ను వదిలేసి దీన్నే తీసుకున్నాయి.

ఇక పోలిక. రోజువారీ కోడింగ్‌లో పాతదే హాయి, ఇందులో నాకు అనుమానం లేదు. వెబ్‌కిట్‌లో ఎవాల్యుయేట్‌జావాస్క్రిప్ట్ అని పిలిస్తే జవాబు అదే లైన్‌లో చేతికొస్తుంది. పేజీలోని ఏ ఎలిమెంట్‌నైనా సీ++ నుంచి నేరుగా పట్టుకోవచ్చు. నెట్‌వర్క్ కూడా క్యూటీదే కాబట్టి ప్రాక్సీ, కుకీలు మన చేతిలోనే ఉంటాయి. వెబ్‌ఇంజిన్‌లో పేజీ వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది. రన్‌జావాస్క్రిప్ట్ పిలిస్తే జవాబు తర్వాత ఎప్పుడో కాల్‌బ్యాక్‌లో, అంటే మనం ముందే ఇచ్చిన ఇంకో ఫంక్షన్‌లోకి వస్తుంది.

చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ ప్రాణం తీసేది ఇదే. మా బిల్లు ఫారంలో సేవ్ నొక్కితే పేజీలోంచి మొత్తం చదివి డేటాబేస్‌లో వేసే ఫంక్షన్ ఒకటుంది. వెబ్‌ఇంజిన్‌కు మార్చేటప్పుడు దాన్ని తిరగరాసే ఓపిక లేక, జవాబు వచ్చేదాకా లోపల ఇంకో ఈవెంట్ లూప్ (క్లిక్కుల లాంటివాటిని అందుకునే లూప్) తిప్పి ఆపాను. టెస్టింగ్‌లో బాగానే నడిచింది. కౌంటర్లో ఒకాయన సేవ్ బటన్ గబగబా రెండుసార్లు నొక్కేసరికి, మొదటి జవాబు రాకముందే ఆ లూప్‌లోంచి రెండో క్లిక్ కూడా లోపలికి వచ్చింది. ఒకే బిల్లు రెండుసార్లు పడింది. ఆ రోజు పడ్డ టెన్షన్‌తో అర్థమైంది: మారితే ఆ ఫంక్షన్లన్నీ కూర్చుని తిరగరాయాల్సిందే, దగ్గరి దారి లేదు.

బరువు విషయంలోనూ పాతదే తేలిక. వెబ్‌ఇంజిన్ కోర్ డీఎల్‌ఎల్ ఒక్కటే దాదాపు 100 ఎంబీ. దాంతో పాటు పేజీలు నడిపే ప్రాసెస్ ఈఎక్స్‌ఈ, రిసోర్సులుండే పాక్ ఫైళ్లు, భాషలకు కావాల్సిన ఐసీయూ డేటా ఫైలు కూడా సెటప్‌లో పెట్టాలి. ప్రాసెస్ ఫైలు మరిచిపోతే పేజీలు అసలు తెరుచుకోవు. విండోస్‌లో మింగ్‌డబ్ల్యూ అనే కంపైలర్‌తో బిల్డ్ చేసేవాళ్లకు వెబ్‌ఇంజిన్ దొరకదు, విజువల్ సీ++ కంపైలర్‌కు మారాలి. సోర్స్ నుంచి కట్టుకోవడం రెండింటిలోనూ కష్టమే.

ఇన్ని సుఖాలున్నా, సెక్యూరిటీ దగ్గరికి వచ్చేసరికి తక్కెడ పూర్తిగా వెబ్‌ఇంజిన్ వైపే మొగ్గుతుంది. 5.212లోది 2016 నాటి కోడ్. ఆ తర్వాత బయటపడ్డ వెబ్‌కిట్ లోపాల్లో చాలావాటికి ఇందులో ప్యాచ్ లేదు. పైగా పేజీ మన అప్లికేషన్ ప్రాసెస్‌లోనే నడుస్తుంది, దాన్ని విడిగా కట్టడి చేసే శాండ్‌బాక్స్ లేదు. ఒక చెడ్డ పేజీ ఇంజిన్‌ను దెబ్బకొడితే, అదే మెమరీలో ఉన్న డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా దాని చేతికి చిక్కినట్టే. వెబ్‌ఇంజిన్‌కు కొత్త క్రోమియం నుంచి సెక్యూరిటీ ప్యాచ్‌లు తెచ్చి వేస్తుంటారు. ఇంజిన్‌ను ఒకసారి బతికించడం ఒక ఎత్తు, ప్రతి నెలా వచ్చే లోపాలను పూడ్చుకుంటూ పోవడం ఇంకో ఎత్తు. ఆ రెండోది ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. జావాస్క్రిప్ట్‌తో నడిచే పీడీఎఫ్ పనులకు చాలామంది వాడిన ఫాంటమ్‌జేఎస్ 2018లో ఆగిపోయింది, హెచ్‌టీఎంఎల్‌ను పీడీఎఫ్‌గా మార్చే డబ్ల్యూకేహెచ్‌టీఎంఎల్‌టుపీడీఎఫ్‌ను 2023లో ఆర్కైవ్ చేశారు. రెండూ క్యూటీ వెబ్‌కిట్ మీద కట్టినవే.

కాబట్టి నేను ముందు అడిగేది ఒకటే: ఆ తెరలో తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ ఎవరిది? యూజర్ టైప్ చేసిన వెబ్‌సైటో, బయట నుంచి వచ్చిన మెయిలో అయితే ఈ రోజే వెబ్‌ఇంజిన్‌కు మారండి, ఇంకో ఆలోచన వద్దు. పేజీలు పూర్తిగా మీరు రాసినవే, నెట్ అవసరమే లేదు, అప్లికేషన్ ఇంకా కొన్నాళ్లు క్యూటీ 5లోనే ఉంటుంది అంటే 5.212తో నెట్టుకురావచ్చు. అయితే కస్టమర్ పేరులో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ రాసినా నడవకుండా ఎస్కేప్ చేయండి (ట్యాగ్ కాకుండా మామూలు అక్షరాలుగా మార్చండి), నెట్‌వర్క్ రిక్వెస్టులు బయటికి పోకుండా ఆపేయండి. జావాస్క్రిప్ట్ లేని హెల్ప్ పేజీలకైతే వెబ్‌కిట్, వెబ్‌ఇంజిన్ రెండూ అక్కర్లేదు, క్యూటీలోనే ఉన్న క్యూటెక్స్ట్‌బ్రౌజర్ చాలు, అది చాలకపోతే లైట్‌హెచ్‌టీఎంఎల్ అనే చిన్న లైబ్రరీ ఉంది.

5.212ను క్యూటీ 6లో నడిచేలా మనమే పోర్ట్ చేసుకుందామని మా టీంలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. వెబ్‌ఇంజిన్ క్యూటీ 6.2 నుంచే ఉంది. పోర్ట్‌కు పెట్టే నెలలను ఆ సేవ్ ఫంక్షన్లు తిరగరాయడానికి పెడుతున్నాం. బిల్లు ఫారం అయిపోయింది, ఇప్పుడు స్టాక్ రిపోర్టు మీద ఉన్నాం.