గొల్లపల్లి పనస చెక్కలో అన్నదమ్ములు

బొబ్బిలి వీణలు తయారయ్యే గొల్లపల్లిలో నేను వీణ కాదు, బొమ్మ చేయించుకున్నాను. ఎత్తు ఎనిమిది అంగుళాలు, పనస చెక్క, 4,200 రూపాయలు.

నేను విజయనగరంలో డ్రాయింగ్ మాస్టారిని. కాస్ అనే పేరుతో పనిచేసే అమెరికా కళాకారుడు బ్రయాన్ డోనెల్లీ శిల్పాలంటే నాకు ప్రాణం. ఒకప్పుడు టీవీ కార్టూన్లకు బ్యాక్‌గ్రౌండ్లు వేసినవాడు. 1999లో జపాన్‌లో ఆయన 'కంపానియన్' బొమ్మ మొదటిసారి వచ్చింది. మిక్కీ మౌస్ లాంటి ఒళ్లు, గ్లౌజుల చేతులు, పుర్రె తల, కళ్ల చోట ఇంటూ గుర్తులు. చూడగానే నవ్వు రావాలి. కానీ ఒక శిల్పంలో అది రెండు చేతులతో ముఖం కప్పుకుని కూర్చుంటుంది. కన్నీళ్లు ఉండవు. బాధంతా మెడ వంపులో, జారిన భుజాల్లో కనిపిస్తుంది.

2013లో చేసిన 'అలాంగ్ ద వే' 18 అడుగుల చెక్క శిల్పం. రెండు బొమ్మలు ఒకదాని వీపు మీద ఒకటి చెయ్యి వేసుకుని, తలలు దించుకుని నిలబడి ఉంటాయి. ఆ ఫోటో చూడగానే మా నాన్న పోయిన రాత్రి గుర్తొచ్చింది. నేనూ తమ్ముడూ వరండాలో అలాగే నిలబడ్డాం, ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

దాన్నే కాపీ చేయించడం నాకు ఇష్టం లేదు. పెద్ద గుండ్రటి తలలు, పొట్టి కాళ్లు, లుంగీలు వేసి మా ఇద్దరి బొమ్మ గీసుకుని వెళ్లాను.

"కళ్లు పెట్టకపోతే ఏడుస్తున్నట్టు ఎలా తెలుస్తాది మాస్టారూ?" అన్నాడు చెక్కే పెద్దాయన.

"భుజాలు కిందకి దించు బాబాయ్, తెలుస్తుంది" అన్నాను. ఆయన ఉలి పక్కన పెట్టి, లేచి నిలబడి, తనే తల వంచి చూసుకున్నాడు. "మెడ కూడా ముందుకొస్తాది" అన్నాడు. ఆ మాట నా స్కెచ్‌లో లేదు. వెనక నుంచి చూస్తే బొమ్మకు ప్రాణం ఆ మెడ దగ్గరే ఉంది.

ఏకాండి వీణను ఒకే దుంగలో తొలిచినట్టు ఈ ఇద్దరినీ కూడా ఒకే చెక్కలో తీశాడు. భుజాలు కలిసే చోట అతుకు లేదు, జిగురు లేదు. వేలితో తడిమితే తమ్ముడి వీపు ఎక్కడ మొదలైందో తెలియదు. పనస చెక్క పసుపు రంగు ఇప్పుడిప్పుడే ముదురుతోంది.

లోపాలూ ఉన్నాయి. వీపు మీద వేసిన చేతి వేళ్లు మొద్దుగా వచ్చాయి. వద్దని చెప్పినా వార్నిష్ వేశాడు, ట్యూబ్‌లైట్ కింద ఆ మెరుపు ఉలి గీతల్ని మింగేస్తోంది. పది రోజులన్నది వీణల ఆర్డర్ల మధ్య నెల దాటింది. మీరు వెళ్తే ముందు నుంచే కాదు, పక్క నుంచి, వెనక నుంచి కూడా బొమ్మ గీసి ఇవ్వండి. పాలిష్ వద్దనుకుంటే కాగితం మీద రాసివ్వండి.

పలాసలో ఉండే తమ్ముడికి ఇచ్చాను. విప్పి చూసి, "ఎడమ పక్కోడు నేనే కదా అన్నయ్యా" అన్నాడు. నేను చెప్పలేదు, ఎవరు ఎవరో గీసేటప్పుడే నాకూ తెలుసు. ఇప్పుడది వాళ్లింట్లో నాన్న ఫోటో కింద ఉంది.