రాధాకృష్ణనా, కె.సి. భట్టాచార్యా: ముందు ఎవరిని చదవడం మేలు?

మన తత్వాన్నీ పడమటి తత్వాన్నీ కలిపి చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలని నల్లగొండ, పాలమూరు విద్యార్థులు తరచూ అడుగుతున్నారు.

రాధాకృష్ణన్‌తో సుళువు. 1923లో, 1927లో వచ్చిన ఆయన ‘ఇండియన్ ఫిలాసఫీ’ రెండు సంపుటాలుంటే దారంతా తెలుస్తుంది. జగత్తు మాయైతే నీతి ఎక్కడిదన్న పడమటి ఆలోచనాపరుడు ష్వైట్జర్ ఆక్షేపణకు 1939లో గట్టిగానే బదులిచ్చారు. చిక్కేమిటంటే, ఆయన బండి ఎటు తిరిగినా అద్వైతం ముంగిట్లోనే ఆగుతుంది.

బెంగాలీ తాత్వికుడు భట్టాచార్య రాసిన ‘స్వరాజ్ ఇన్ ఐడియాస్’ (భావాల్లో స్వరాజ్యం) వ్యాసం ఆయన పోయాకే అచ్చయింది. కొన్ని పుటలే. పరాయి భావాన్ని అతుకు వేస్తే చాలదు, మన భావంతో తలపడనిచ్చి మన భాషలో అరిగించుకోవాలంటారు. నా లెక్కలో తేల్చేది ఇదే. ‘ఫిలాసఫీ’ని తత్వం అనేస్తాం. పాలమూరు పల్లెల్లో తత్వమంటే తంబూర మీటుతూ పాడేది. వాదించి నెగ్గేదానికీ, పాడుకుని ఒంటబట్టించుకునేదానికీ మధ్య ఎడం ఇంగ్లిషులో చదివితే కంటబడదు.

బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి దగ్గర ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. సాగర్ డ్యాంకు శంకుస్థాపన జరిగిన 1955లోనే బౌద్ధ తత్వంపై టి.ఆర్.వి. మూర్తి పుస్తకం వచ్చింది. నాగార్జునుణ్ని జర్మన్ తాత్వికుడు కాంట్ పక్కన నిలబెట్టింది. పోలిక బలమైనదే: హద్దు దాటిన బుద్ధి తనతో తానే తగువు పడుతుందని ఇద్దరూ చూపారు. కానీ కాంట్ తగువులో పక్షాలు రెండు, నాగార్జునుడివి నాలుగు: ఉంది, లేదు, ఉంది-లేదు రెండూ, రెండూ కాదు. నాలుగింటినీ తోసేస్తాడు. కాంట్‌కు కనబడేదాని వెనక తెలియరాని వస్తువొకటి మిగులుతుంది. నాగార్జునుడి గ్రంథం మూలమధ్యమకకారిక 24వ ప్రకరణం 18వ కారికలో (శ్లోకంలో) ప్రతీత్యసముత్పాదమే, అంటే ప్రతిదీ వేరొకదాన్ని ఆనుకుని పుట్టడమే, శూన్యత; ఆ శూన్యత కూడా ఒకదాన్ని ఆనుకుని చెప్పిన మాటే. వెనక దాచినదేమీ లేదు. కాంట్ వస్తువూ ఈ శూన్యతా ఒకటేనని రాసే విద్యార్థులు తప్పేది ఇక్కడే.

అరవిందుల ‘లైఫ్ డివైన్’ 56 అధ్యాయాలు, తరవాత చూసుకోవచ్చు. వివేకానందుల ప్రసంగాలు ఉత్సాహానికి మంచివి, ఈ పనికి చాలవు.

నా ఓటు భట్టాచార్యకు. రాధాకృష్ణన్ మొదటి సంపుటంలో బౌద్ధం అధ్యాయాలు దారి తెలియడానికి ఒకసారి చదివి, భట్టాచార్య వ్యాసం రెండుసార్లు చదవండి. ఆపైన నోటుబుక్కులో ఒక పక్క ఇంగ్లిషు మాట, ఎదురుగా సొంత తెలుగులో దాని అర్థం రాసుకోండి. శూన్యతకు ‘ఏమీ లేకపోవడం’ అని రాసి ఉంటే కొట్టేసి, ‘తనంతట తాను నిలిచేది ఏదీ లేకపోవడం’ అని మార్చండి.